పిండి బకెట్లు మోసిన చేతక్

తెల్లవారుజాము నాలుగున్నర దాటింది. తెనాలి నుంచి నందివెలుగు వెళ్లే రోడ్డు మీద నీలం రంగు బజాజ్ చేతక్ ఒకటి ఉన్నట్టుండి గొంతు పెంచింది. నడుపుతున్నాయన యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేశాడు. అయినా ఇంజన్ తగ్గలేదు, ఇంకా పెద్దగా అరిచింది. ఆ వెంటనే లోపల ఇనుము ఇనుముతో ఒరుసుకున్నట్టు కిరకిర. వెనక చక్రం బిగుసుకుపోయి తారు మీద జారింది. ఎడమ చేతికి క్లచ్ సమయానికి అందింది కాబట్టి మనిషి పడలేదు. కాళ్ల దగ్గర పెట్టుకున్న రెండు బకెట్లలో ఒకటి ఒరిగింది. మూత ఊడి, సగం పిండి రోడ్డు పాలైంది.

అది ఇడ్లీ పిండి. ఐదున్నరకల్లా టిఫిన్ హోటళ్లకు చేరకపోతే వాళ్లు ఇంకొకరి దగ్గర తెచ్చుకుంటారు. రెండు మూడు రోజులు అలా జరిగితే ఇక ఫోనే చేయరు. చీకట్లో బండిని పక్కకు లాగి, ఇంజన్ చల్లారేదాకా ఆయన రోడ్డు పక్కనున్న మట్టి గట్టు మీదే కూర్చున్నాడు. చల్లారాక రెండు కిక్కులకే స్టార్టయింది. ఆయనకు అర్థం కాని విషయం అదే. బాగాలేని బండయితే స్టార్టే కాకూడదు. బాగున్న బండయితే ఆగకూడదు.

2009 డిసెంబరులో మొదలైన ఈ కథను ఆయన, ఆయన భార్య, బండి బాగుచేసిన మేస్త్రీ నాకు వేర్వేరుగా చెప్పారు. ముగ్గురి మాటలూ కలిపి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ఆయనా ఆమే ఇంట్లో రెండు గ్రైండర్లు పెట్టుకుని పిండి రుబ్బి అమ్మేవారు. సరఫరాకు ఒక మోపెడ్ ఉండేది. ఆయన తండ్రి ఆస్పత్రి ఖర్చుల కోసం దాన్ని అమ్మేశారు. కొన్నాళ్లు సైకిల్ మీద నెట్టుకొచ్చారు. రెండు నిండు బకెట్లు కట్టుకుని సైకిల్ తొక్కితే అంగలకుదురు చేరేసరికి మోకాళ్లు పట్టేసేవి. అప్పుడు చెంచుపేటలో ఒక రిటైర్డ్ గుమాస్తా గారింట్లో వాడకుండా పడి ఉన్న స్కూటర్ సంగతి తెలిసింది.

ఆ పెద్దాయన ఏదీ దాచలేదు. "ఇంజన్ పట్టేస్తోంది బాబూ. బోరింగ్ చేయించాను. కొత్త పిస్టన్ వేయించాను. కార్బురేటర్ మార్పించాను. నా వల్ల కాలేదు. పాత ఇనుము వాడు వచ్చి బేరమాడి వెళ్లాడు. నీకు కావాలంటే వాడికంటే ఐదొందలు ఎక్కువివ్వు." చివరికి మూడువేల ఐదొందలకు ఇచ్చారు. కాగితాలు చూస్తే ఇంకో చిక్కు కనపడింది. బండి 1995 జనవరిలో రిజిస్టరైంది. పదిహేనేళ్ల ఆర్‌సీ గడువు వచ్చే జనవరితో సరి. రెన్యూవల్ కావాలంటే బండిని రవాణా కార్యాలయానికి తీసుకెళ్లి ఇనస్పెక్టర్‌కు చూపించాలి. దారిలో పట్టేసే బండిని ఎలా చూపిస్తారు?

చేతక్‌నే ఎందుకు కొన్నారో ఆమె చెప్పిన కారణం నాకు నచ్చింది. "కాళ్ల దగ్గర బల్లపరుపుగా చోటుంటుందండీ. బకెట్ కదలదు." ఈ దేశంలో లక్షలాది ఇళ్లకు గ్యాస్ సిలిండర్లు, బియ్యం బస్తాలు, బడికి వెళ్లే పిల్లలు ఆ చోటులోనే వచ్చారు. 1946లో ఇటలీలో పియాజియో సంస్థ కోసం విమానాల ఇంజనీరు కొరాడీనో దాస్కానియో రూపొందించిన వెస్పా నుంచి వచ్చిన వంశం ఇది. ఇంజనూ వెనక చక్రమూ ఒకే ముక్కగా ఉండి, ఒక్క పొడవాటి బోల్టు మీద బాడీకి వేలాడుతుంటాయి. ఇంజన్ కుడిపక్కన ఉంటుంది. పియాజియోతో లైసెన్సు ఒప్పందం 1971లో ముగిశాక, 1972లో బజాజ్ తన సొంత పేరుతో తెచ్చిన బండికి రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టింది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తేనే ఇంటికొచ్చిన బండి అది. కట్నం మాటల్లో కూడా దాని పేరు వినపడేది. అలాంటిది 2009 నాటికి చేతక్ తయారీ ఆగి కొన్నేళ్లయింది. ఆ డిసెంబరులోనే, అసలు స్కూటర్ల తయారీకే స్వస్తి చెబుతున్నట్టు బజాజ్ ప్రకటించింది. మన కథలోని బండి నందివెలుగు రోడ్డు మీద పట్టేసింది ఆ నెలలోనే.

తర్వాత జరిగిన రిపేర్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒకరు ప్లగ్గు మార్చారు. ఇంకొకరు కార్బురేటర్ విప్పి పెట్రోలుతో కడిగి, జెట్లు ఊది బిగించారు. మరొకరు యాక్సిలరేటర్ కేబుల్ మార్చారు. "ఆయిల్ తక్కువై పట్టేస్తోంది, రెట్టింపు పోయి" అని బంకు దగ్గర ఎవరో సలహా ఇచ్చారు. అలా పోస్తే పొగ రెట్టింపయింది కానీ పట్టేయడం ఆగలేదు. ఎవరినీ తప్పుపట్టలేం. వచ్చిన బండిలో కనిపించిన లోపాన్ని సరిచేసి పంపారు. ఇంట్లో మాత్రం మాటలు పెరిగాయి. "ఇంకో వెయ్యి దీని మీద పెడితే ఒప్పుకోనండీ" అని ఆమె తేల్చి చెప్పింది.

ఆమె తమ్ముడు చెప్పాడు, కాలవ గట్టున వేపచెట్టు కింద ఆటోలు బాగుచేసే పెద్దాయన సంగతి. పాత టూస్ట్రోక్ ఆటోల మీదే ఆయన చేయి తిరిగింది. ఆ పాత బజాజ్ ఆటోకీ చేతక్‌కీ ఇంజన్ కొలత ఒకటే, 145 సీసీ. స్కూటర్లు పెద్దగా ముట్టుకునేవాడు కాదు. ఆ రోజు ఆమె కూడా వెంట వెళ్లింది, ఖర్చు ఎంతవుతుందో ముందే తేల్చుకుందామని.

మేస్త్రీ బండి వైపు చూడకుండా అడగడం మొదలుపెట్టాడు.

"ఎంత దూరం పోయాక పడుతోంది?"

"మూడు నాలుగు కిలోమీటర్లండీ."

"చల్లగా ఉన్నప్పుడు?"

"ఏం గొడవ లేదు. రెండో కిక్కుకే అందుకుంటుంది."

"పట్టేసే ముందు ఏమైనా చేస్తుందా?"

"అరుస్తుందండీ. యాక్సిలరేటర్ వదిలేసినా అరుస్తూనే ఉంటుంది. రేజింగ్ దిగదు."

మేస్త్రీ చేతిలో స్పానర్ కింద పెట్టాడు. "ఈ మాట ఇంతకుముందు ఎవరికైనా చెప్పావా అబ్బాయ్?"

"ఎవరూ అడగలేదండీ."

ఈ యథార్థ గాథ మొత్తంలో నాకు ముఖ్యంగా తోచింది ఆ రెండు మాటలే. బండి తన రోగం తానే చెప్పుకుంది. రోజూ చెబుతూనే ఉంది. అయితే వినే మనిషి కావాలి.

మేస్త్రీ ప్లగ్గు విప్పి వెలుతురులో పెట్టి చూపించాడు. సరిగా మండే ఇంజన్‌లో ప్లగ్గు కొస కాఫీపొడి రంగులో ఉంటుంది. ఇది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. ఎక్కణ్ణుంచో గాలి పీలుస్తోంది" అన్నాడు.

టూస్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ పైన ఒక పని, కింద ఒక పని జరుగుతుంది. పైన మంట. కింద, క్రాంకు తిరిగే గదిలోకి కార్బురేటర్ నుంచి పెట్రోలు, ఆయిల్, గాలి కలిసిన ఆవిరి చేరుతుంది. పిస్టన్ దిగేటప్పుడు దాన్ని నొక్కి పైకి పంపుతుంది. అంటే ఆ గది కొలిమి తిత్తి లాంటిది. తిత్తికి చిల్లు పడితే గాలి దారి తప్పుతుంది. ఇక్కడ చిల్లులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. మిశ్రమం పలచనవుతుంది, ఇంజన్ తనంతట తాను పరుగెత్తుతుంది, వేడెక్కుతుంది. టూస్ట్రోక్‌కి ఆయిల్ కూడా పెట్రోలుతో కలిసే రావాలి. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గినట్టే. వేడి పెరిగి, జిడ్డు తగ్గి, అల్యూమినియం పిస్టన్ ఉబ్బి ఇనప బోరును కరుచుకుంటుంది. అదే పట్టేయడం. చల్లారితే పిస్టన్ కుదించుకుని వదిలేస్తుంది. మట్టి గట్టు మీద కూర్చున్నాయనకు అంతుపట్టని చిక్కుముడి ఇదే.

మరి చిల్లు ఎక్కడ? మేస్త్రీ బండి స్టార్ట్ చేసి, స్లోలో పెట్టి, కార్బురేటర్ అతుకు దగ్గర, సిలిండర్ అడుగున గాస్కెట్ దగ్గర ఆయిల్ బొట్లు వేస్తూ విన్నాడు. అక్కడ గాలి పీలుస్తుంటే ఆయిల్ ఆ సందును మూస్తుంది, శబ్దం మారుతుంది. మారలేదు. గేరుబాక్సు ఆయిల్ మట్టం చూశాడు. సరిగ్గా ఉంది. క్రాంకు గదిని రెండు వైపులా మూసే రబ్బరు సీళ్లలో క్లచ్ వైపుది పోయి ఉంటే ఇంజన్ గేరు ఆయిల్ తాగేసేది, మట్టం పడిపోయేది, తెల్లటి పొగ దట్టంగా వచ్చేది. ఇక మిగిలింది రెండో వైపు, ఫ్లైవీల్ వైపు.

కుడివైపు రేకు డొప్ప తీశాడు. ఫ్యాన్ మూత తీశాడు. ఫ్లైవీల్ నట్టు వదులుచేసి, పుల్లర్ తగిలించి బిగించాడు. టంగుమని ఫ్లైవీల్ ఊడి వచ్చింది. వెనక కాయిల్స్ బిగించిన ప్లేటంతా ఆయిల్ తడి. పొడిగా ఉండాల్సిన చోటు అది. చిల్లు దొరికిందని భార్యాభర్తలకు ప్రాణం లేచొచ్చింది. మేస్త్రీ మాత్రం ఫ్లైవీల్‌ను తిరగేసి, లోపలి అంచును బొటనవేలితో ఒకసారి తడిమి, ఏమీ అనకుండా పక్కన పెట్టాడు.

"ఇంజన్ దింపాలి" అన్నాడు.

కేబుళ్లు విప్పారు, పెట్రోలు పైపు తీశారు, వైర్లు ఊడదీశారు. షాకబ్జార్బర్ బోల్టు, ఆ తర్వాత పొడవాటి ఇంజన్ బోల్టు. ఇంజన్ గోనెసంచి మీదకు దిగింది. సాయంత్రానికి ఇంజన్ కేసింగ్ రెండు హాఫ్‌లూ విడిపోయాయి. మేస్త్రీ సీల్ ఊడబెరికి ఆమె అరచేతిలో పెట్టాడు. రబ్బరు మెత్తగా ఉంది. అంచు చెక్కుచెదరలేదు. చుట్టూ ఉండే సన్నటి స్ప్రింగు మెరుస్తోంది.

"ఇది కొత్తదే కదా మేస్త్రీ గారూ!"

కొత్తదే. ఆ రిటైర్డ్ గుమాస్తా గారి కాలంలో ఎవరో తెలివైన మెకానిక్ ఇంతవరకూ వచ్చాడు. అసలు చోటు కనిపెట్టాడు. సీల్ మార్చాడు. అయినా బండి పట్టేసింది. ఆమె భర్త వైపు చూసింది. ఆయన నేల చూశాడు. ఇంజన్ ముక్కలు ముక్కలుగా గోనెసంచి మీద ఉంది. ఇప్పుడు దీన్ని పాత ఇనుము వాడు కూడా కిలోల లెక్కన తప్ప కొనడు.

మేస్త్రీ పక్కన పెట్టిన ఫ్లైవీల్ అందుకుని వాళ్ల ముందు పెట్టాడు. లోపలి అంచున ఒకచోట వెంట్రుకవాసి గీత, కొత్తగా రాసుకుపోయి వెండిలా మెరుస్తోంది. "ఇది దేన్నీ తాకకూడదు. కాయిల్‌కీ దీనికీ మధ్య కాస్త సందుండాలి. ఎందుకు తాకింది?" క్రాంకును హాఫ్‌లో మళ్లీ కూర్చోబెట్టి, దాని కొస పట్టుకుని పైకీ కిందకీ కదిపాడు.

టక్. టక్.

"బేరింగ్ ఆడుతోంది. షాఫ్ట్ వణుకుతుంటే సీల్ ఏం చేస్తుంది? ఎంత కొత్తదైనా దాని పెదవి షాఫ్ట్‌ను ఆనుకోలేదు. ఒక పక్క నొక్కుకుంటే ఇంకో పక్క సందు. రోగం బేరింగ్‌ది. సీల్‌ది కాదు, పిస్టన్‌దీ కాదు."

బండి మూడు కిలోమీటర్ల తర్వాతే ఎందుకు చెడుతుందో కూడా అప్పుడు తేలింది. బేరింగ్ ఉక్కు, అది కూర్చునే గూడు అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు కాస్త పట్టి ఉన్న అరిగిన బేరింగ్, వేడెక్కాక ఇంకా వదులవుతుంది.

బేరింగ్ కొనడానికి ఆమే వెళ్లింది. చేతక్ సామాన్లు దొరకవేమో అని బెంగపడితే మేస్త్రీ ఒక చిట్కా చెప్పాడు. బేరింగ్‌కి బండి పేరుతో పనిలేదు, దాని రింగు మీద చెక్కి ఉన్న నంబరు చాలు. పాతవి రెండూ గుడ్డముక్కలో చుట్టుకుని రైలెక్కి గుంటూరు వెళ్లింది. అక్కడి దుకాణదారు నంబర్లు చదివి, డబ్బాలు తీసి ముందు పెట్టాడు. ఏ బండికని కూడా అడగలేదు. రెండు బేరింగులు, రెండు సీళ్లు, ఒక గాస్కెట్ సెట్, రింగులు. మొత్తం కలిపితే, గుమాస్తా గారు ఒక్క బోరింగ్‌కీ పిస్టన్‌కీ పెట్టిన ఖర్చు కంటే తక్కువే అయింది.

లేత్ షాపులో బోరు చూసి, ఈసారి కోయక్కర్లేదన్నారు. పైపైన అంటుకున్న అల్యూమినియం గీకి, ఎమరీతో పాలిష్ పట్టి ఇచ్చారు. పిస్టన్ మీద సైలెన్సర్ వైపు నిలువు గీతలున్నాయి. మేస్త్రీ వాటినీ నున్న చేశాడు.

బేరింగులు ఎక్కించిన తీరు ఆమె కళ్లకు కట్టినట్టు చెప్పింది, ఎందుకంటే ఆ పని వాళ్ల పొయ్యి మీదే జరిగింది. సుత్తితో కొడితే గూడు దెబ్బతింటుందని మేస్త్రీ బేరింగులను ముందు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఐసు ముక్కల మధ్య ఉంచాడు. కేసింగ్‌ను మందపాటి పాత పెనం మీద పెట్టి, చిన్న మంట మీద తిప్పుతూ వేడిచేశాడు. మధ్యమధ్య నీటి బొట్టు వేసి చూశాడు. బొట్టు చుర్రుమని ఎగిరిపోగానే గుడ్డతో కేసింగ్ దించి, చల్లటి బేరింగ్‌ను గూటి మీద పెట్టి వదిలాడు. దెబ్బ లేకుండా, ఒత్తిడి లేకుండా, తనంతట తాను అడుగుకు జారి కూర్చుంది. కాసేపటికి కదిపి చూస్తే కదల్లేదు.

సీల్ దగ్గర ఇంకో నేర్పు చూపాడు. అంతకుముందున్న సీల్ పెదవి ఏళ్ల తరబడి ఒకేచోట రాసుకుని షాఫ్ట్ మీద సన్నటి గాడి పడింది. కొత్త సీల్ అదే గాడి మీద కూర్చుంటే మళ్లీ కారుతుంది. అందుకే దాన్ని రవ్వంత లోపలికి నొక్కి కూర్చోబెట్టాడు. పెదవి గాడిని వదిలి నున్నటి చోటికి జరిగింది. ఇలాంటి పని ఏ బిల్లులోనూ రాయరు. బండి ఇంకో ఐదేళ్లు నడవడం, నడవకపోవడం దాని మీదే ఉంటుంది.

ఇంజన్ ఎక్కించాక మేస్త్రీ బండిని ఓ పక్కకు వాల్చి, నిలబెట్టి, కిక్కు కొట్టాడు. చేతక్ నడిపినవాళ్లకు ఆ వాల్చడం ఒంటికి అలవాటైన పని. మూడో కిక్కుకు అందుకుంది. ముందు పూసిన ఆయిల్ కాలి, కాసేపు పొగ కమ్మింది. పొగ తగ్గాక యాక్సిలరేటర్ తిప్పి వదిలాడు. శబ్దం పైకి వెళ్లి, చెప్పిన మాట విన్నట్టు వెంటనే దిగింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ దిగింది. ఆమెకు ఇంజన్ సంగతులు తెలియవు. అయినా ఆ దిగడం తనకు వినిపించిందని చెప్పింది.

కొల్లిపర దాకా వెళ్లొచ్చారు, మొదట నెమ్మదిగా, తర్వాత బకెట్ల నిండా నీళ్లు పెట్టుకుని. తిరిగొచ్చాక మేస్త్రీ ప్లగ్గు విప్పాడు. కొస కాఫీపొడి రంగులో ఉంది. "లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్. అంతకుమించి వద్దు. ఎక్కువ పోస్తే ఆ మేరకు పెట్రోలు తగ్గినట్టే, సైలెన్సర్లో మసి కూడా కడుతుంది" అని చెప్పి పంపాడు.

జనవరిలో, గడువుకు ముందే, ఫారం 25 నింపి రవాణా కార్యాలయానికి వెళ్లారు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీశారు. హారన్, బ్రేకు, లైటు చూశారు. ఇనస్పెక్టర్ బండి స్టార్ట్ చేయమన్నాడు. రెండో కిక్కుకు అందుకుంది. ఐదేళ్లకు రెన్యూవల్ అయింది.

ఒక మాట దాచకూడదు. టూస్ట్రోక్ బండి ఎంత బాగున్నా ఆయిల్ కాలుస్తుంది, పొగ వదులుతుంది. ఊళ్లలో గాలి పాడవడంలో దాని వాటా ఉంది. కొత్తగా బండి కొనుక్కునే స్తోమత ఉన్నవారిని పాత చేతక్ కొనమని నేను చెప్పను. ఈ దంపతులకు ఆనాడు ఇంకో దారి లేదు. ఐదేళ్లపాటు ఆ బండి రోజూ తెల్లవారుజామున పిండి మోసింది, దారిలో మళ్లీ పట్టేయలేదు. రెండో గడువు దగ్గరపడ్డాక వాళ్లు సెకండ్‌హ్యాండ్ ట్రాలీ ఆటో కొనుక్కున్నారు. చేతక్‌ను మేస్త్రీయే అడిగి తీసుకున్నాడు.

మీ ఇంట్లోనో, చుట్టాల ఇంట్లోనో పాత గేరు స్కూటర్ ఉండి, వేడెక్కగానే పట్టేస్తుంటే, ఇంకోసారి బోరింగ్‌కు పంపే ముందు రెండు పనులు చేయండి. పట్టేసే ముందు బండి ఎలా అరుస్తుందో, ఎంత దూరానికి అరుస్తుందో పూసగుచ్చినట్టు మేస్త్రీకి చెప్పండి. ఫ్లైవీల్ ఊడదీయించి, క్రాంకు కొస పట్టుకుని మీ ఎదుటే కదిపి చూపించమనండి. పాత బండి కొనేవారు డబ్బు చేతికివ్వక ముందే ఆర్‌సీ గడువు తేదీ చూసుకోండి.